ఎక్కువ వేసిన ఏడాది

బందరులో ఒక చిన్న నర్సింగ్ హోంలో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేశాను. డాక్టరు గారు రోగుల్ని చూసేవారు, మిగతా వ్యవహారమంతా నేను చూసేవాణ్ణి. లెటర్‌హెడ్డూ రబ్బరు స్టాంపూ నా సొరుగులోనే ఉండేవి. నేనేం రాసినా ఆయన చదవకుండా సంతకం పెట్టేవారు. నా మీద ఆయనకంత నమ్మకమని ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి.

పని మానేసి వెళ్లే నర్సులకి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రాసేటప్పుడు ఒక ఏడాది కలపడం నాకు అలవాటు. పెళ్లిలో చదివింపులు చదివించినట్టు. విజయవాడ ఆసుపత్రుల్లో ఎవరూ ఆరా తీయరు. అమ్మాయిలకి జీతం కాస్త పెరుగుతుంది, నాకు దణ్ణం పెట్టి వెళ్తారు. అంతకు మించి నేనేమీ ఆలోచించేవాణ్ణి కాదు.

నాగాయలంక దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక పాస్టరు గారి అమ్మాయి మా దగ్గర రెండేళ్ల మూడు నెలలు నర్సుగా చేసింది. ఆమె సూది వేస్తే పసివాళ్లు కూడా ఏడవరని పేరు. నన్ను బాబాయ్ గారూ అని పిలిచేది. పెళ్లయ్యాక ఆమె భర్తకి న్యూజిలాండ్‌లో సీటొచ్చింది. చదువుకునేవాడు వారానికి కొన్ని గంటలే పని చేయాలట. ఆమె అక్కడ నర్సుగా నమోదైతే ఇద్దరూ నిలదొక్కుకుంటారు, చదువయ్యాక అక్కడే ఉండిపోవచ్చు. అంతా ఆమె ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. ఆ నమోదుకి మా కాగితం కావాలి.

రాసిచ్చాను. చదువుకుని నా బల్ల దగ్గరే నిలబడిపోయింది.

"బాబాయ్ గారూ, నేను చేరింది ఆ సంవత్సరం కాదండీ."

"ఉండనీవమ్మా. పరాయి దేశం వెళ్తున్నావు, పనికొస్తుంది."

పెద్దవాణ్ణని మారు మాట్లాడలేదు. వాళ్లెంత అనుభవం అడిగారో నేను కనుక్కోలేదు. ఎక్కువుంటే తప్పేముందనుకున్నాను. నా తెలివి అంతవరకే.

ఆమె వెళ్లిన కొన్ని నెలలకి చిన్న డాక్టరు గారు, అంటే మా డాక్టరు గారి అబ్బాయి, కంప్యూటరు ముందు కూర్చుని నన్ను పిలిచారు.

"ఆ నాగాయలంక సిస్టరు మన దగ్గర ఎప్పుడు చేరారండీ?"

ఎందుకని అడగలేదు. రిజిస్టరు తీయకుండానే, తేదీతో సహా, అసలైనది చెప్పేశాను. "మీ జ్ఞాపకశక్తికి దణ్ణం పెట్టాలండీ" అన్నారాయన. ఆ సాయంత్రం ఇంట్లో ఆ ముక్క రెండుసార్లు చెప్పుకున్నాను. అక్కడ నర్సుల్ని నమోదు చేసే ఆఫీసువాళ్లు మా సర్టిఫికెట్ నిజమేనా అని రాశారనీ, నా జవాబునే ఆయన వాళ్లకి పంపారనీ అప్పటికి నాకు తెలియదు.

తర్వాత ఒక ఆదివారం ఆమె ఫోన్ చేసింది. కాగితంలో తేదీ అబద్ధమని దరఖాస్తు కొట్టేశారని చెప్పింది. హోటల్లో గదులు శుభ్రం చేస్తోందట.

"పక్కలు వేయడం అలవాటేగా బాబాయ్ గారూ. ఇక్కడ రోగులుండరు, అంతే."

మొదట్లోనే అడగాల్సింది అప్పుడడిగాను, నెలలు ఆలస్యంగా.

"అసలు వాళ్లు ఎన్నేళ్ల అనుభవం కావాలన్నారమ్మా?"

"రెండేళ్లండీ."

ఉన్నదున్నట్టు రాసుంటే చాలు, ఇంకా మూడు నెలలు మిగిలేవి. ఎవరూ అడగని సాయం చేసి ఒక మనిషి చేతిలోని విద్యని పనికిరాకుండా చేశాను. నన్ను నేను ఎంత తిట్టుకున్నా ఆమె చేతికి సిరంజి రాదు.

"సరైన తేదీలతో మళ్లీ రాస్తానమ్మా. తప్పు నాదేనని డాక్టరు గారి చేత ఉత్తరం కూడా పెట్టిస్తాను."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడైంది.

"వద్దండీ బాబాయ్ గారూ. ఇంక నా గురించి మీరు ఎవరికీ ఏమీ రాయకండి."

ఆ మాట కూడా మర్యాదగానే అంది. అలాగేనమ్మా అన్నాను.