పదమూడు గంటల అమ్మ

తొంభైల్లో ఒకరోజు తగరపువలస నుంచి విశాఖ వెళ్లే బస్సులో, రెండేళ్ల పాపను ఎత్తుకుని ఒకామె నా పక్కన కూర్చుంది. నా జేబులో పెన్ను చూసి ఒక దరఖాస్తు చేతికిచ్చింది.

"బాబూ, కొంచెం నింపెట్టీ. రేపట్నించి రొయ్యల షెడ్డుకి పిల్లని తేవద్దన్నారు. ఈ కాయితం ఒప్పుకుంటే పగలు పిల్లల్ని సూసుకునే సెంటరు ఫీజు సర్కారోళ్లే కడతారంట."

భర్త పోయాక ఒంటరిగా పనికి వెళ్తున్న తల్లి ఆమె. వివరాలన్నీ రాసుకుంటూ వచ్చాను. "ఇంట్లో బిడ్డను చూసుకునేవారు ఉన్నారా?" అన్న గడిలో లేరని రాయబోతే పెన్ను పట్టేసుకుంది.

"నాను లేనేటి? ఉన్నారని రాయి."

"ఉన్నారంటే ఫీజు ఇవ్వరమ్మా."

"లేరని రాత్తే నా కూతురు దిక్కులేందయిపోదా? సదువుకున్నోడివి, ఆమాత్రం తెల్దేటి?"

నా చదువు అయిదో తరగతితో ఆగిందనీ, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవేననీ చెప్పలేదు. పనికి ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి వస్తారని అడిగాను. పొద్దున ఏడింటికి వెళ్లి సాయంత్రం ఆరింటికి వస్తుందట. ఆ గడిలో, "పగలు పదకొండు గంటలు ఎవరూ లేరు. మిగిలిన పదమూడు గంటలు తల్లి ఉంటుంది" అని రాసి చదివి వినిపించాను.

"రెండిట్లో ఏది ఎక్కువ బాబూ?"

"మీదేనమ్మా. రెండు గంటలు ఎక్కువ."

ఆమె పాప బుగ్గ గిల్లి, "ఇన్నావేటే? నాదే ఎక్కువంట!" అని నవ్వింది.

ఆ ఫీజు మంజూరైందో లేదో నాకు తెలియలేదు. ఇప్పటికీ ఎవరి దరఖాస్తు నింపినా, లేరు అని రాసేముందు ఎన్ని గంటలు లేరని అడుగుతాను.