డోర్కా ఉమ్మిన ఇసుక

మా ఆడపడుచు రిస్పా వదినకు పౌరుషం ఎక్కువ. పదహారో ఏట నుంచి కిబుయి రేవులో చేపలు ఎండబెడుతోంది. ఇప్పుడు యాభై ఎనిమిది. పెద్దకొడుకు పేరుతో అందరూ "ఒగుటు తల్లీ" అని పిలుస్తారు. మా సంఘంలో స్త్రీల పెద్ద కూడా ఆవిడే. ఆవిడ తల ఊపితే రేవంతా కదులుతుంది, ఊపకపోతే ఒక్క గంప కూడా లేవదు. అలా ఊపకపోవడం వల్లే మూడేళ్ళు నష్టపోయాం.

మా సరస్సు చుట్టూ ఉన్న మెన్నోనైట్ క్రైస్తవ సంఘాలన్నీ ఏటా ఒకచోట కూడుకుంటాయి. టాంజానియా నుంచి మేము, అవతల కెన్యా వాళ్ళు, ఉగాండా నుంచి కొందరు. మూడేళ్ళ కిందట మా వదిన సభ వంటశాలకు కానుకగా బస్తాడు చిన్న ఎండు చేపలు పట్టుకెళ్ళింది. కెన్యా స్త్రీల పెద్ద డోర్కా పిడికెడు నోట్లో వేసుకుని, అందరి ముందూ ఇసుక ఉమ్మింది.

"మీ చేప వండాలంటే ముందు జల్లెడ పట్టాలి, ఒగుటు తల్లీ!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, దేవుడు క్షమించాలి. ఆ రోజు నుంచి వదిన డోర్కా మొహం చూడలేదు.

బాధేమిటంటే డోర్కా అన్నది నిజం. మేము చేపల్ని ఇసుక మీదే ఆరబోస్తాం. వానలు పడితే సగం కుళ్ళిపోయి కోళ్ళ పాలవుతాయి. డోర్కా వాళ్ళు కర్రలు పాతి, మంచెలు కట్టి, వాటి మీద వల పరిచి ఎండబెడతారు. వానొస్తే పైన టార్పాలిన్ లాగేస్తారు. అది మాకు నేర్పడానికి కూడా సిద్ధమే. ఏ రేవు వాళ్ళు అడిగితే ఆ రేవుకు డోర్కా బృందం వెళ్ళాలని మూడేళ్ళ కిందటి ఆ సభలోనే తీర్మానించారు. అడగాల్సింది మాత్రం ఆ రేవు స్త్రీల పెద్ద.

"అడుగు వదినా," అని బతిమాలాను.

"ఉమ్మినదాన్ని అడగాలా? నా చేప మొత్తం కుళ్ళినా సరే."

"నీ ఒక్కదానిదే కాదుగా, ముప్ఫై మందిది."

"నోర్మూసుకుని గంప ఎత్తు."

ఈ ఏడు సభ కెన్యాలోని మిగోరిలో జరిగింది. చివరి రోజు, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు, యేసు శిష్యుల కాళ్ళు కడిగినట్టే మేము ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతాం. ఆడవాళ్ళు ఆడవాళ్ళవి, మగవాళ్ళు మగవాళ్ళవి. ఎంచుకోవడం లేదు, పక్కన ఎవరుంటే వాళ్ళవే. అందుకే వదిన పొద్దున్నే వెళ్ళి బెంచీలు తనే సర్దింది. ఎడమవైపు మేము, కుడివైపు కెన్యా వాళ్ళు, మధ్యలో గోడలా ఉగాండా వాళ్ళు.

అంతా అనుకున్నట్టే జరిగేది. కానీ ఉగాండా ముసలమ్మ ఒకావిడ నీళ్ళు చల్లగా ఉన్నాయని గొణిగింది. పని కనబడితే మా వదిన కూర్చోలేదు. వేన్నీళ్ళ బిందె కోసం లేచి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆవిడ చోట్లో ఎవరో సర్దుకున్నారు. ఖాళీ ఒక్కటే మిగిలింది, డోర్కా పక్కన. డోర్కా కూడా తువ్వాళ్ళు పంచి అప్పుడే వచ్చి చివర్న కూర్చుంది.

కాళ్ళు కడిగేటప్పుడు పాడే పాట మా వాళ్ళ గొంతుల్లో సన్నగిల్లింది. వదిన వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందనుకున్నాను. వదిన బిందె దించి, మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళెంలో నీళ్ళు పోసింది.

డోర్కా మడమలు పగిలి ఉన్నాయి. పగుళ్ళలో సన్నటి చేప పొలుసులు. అచ్చం మా వదిన మడమలే.

"గట్టిగా రుద్దక్కా," అంది డోర్కా. "నలభై ఏళ్ళ చేప అది. ఒక్క బిందెతో పోదు."

వదిన తలెత్తలేదు. "ఇసుక మాత్రం లేదు," అంది.

డోర్కా అందరికీ వినబడేలా అంది: "ఆ రోజు నలుగురిలో అన్నాను. ఇప్పుడూ నలుగురిలోనే చెప్తున్నా, తప్పు నాదే."

వదిన ఆమె కాళ్ళు తుడిచింది, వేళ్ళ సందులతో సహా. అప్పుడు అడిగింది:

"ఆ మంచెలు ఎంతెత్తు కట్టాలి?"

"నీ నడుం దాకా. ఇంక వంగక్కర్లేదు."

నేను ఏడ్చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఫోన్లతో, ఉత్తరాలతో ఈ పని జరిగేది కాదు. అలాంటి మనుషుల్ని ఒకే బెంచీ మీదికి తేవాలి.

డోర్కా ఆరుగురిని వెంటబెట్టుకుని వచ్చి, తొమ్మిది రోజులు మా ఇంట్లోనే ఉండి, మంచెలు కట్టించింది. మొదటి దఫా చేప ఎండగానే వదిన పిడికెడు తీసి ఆమె చేతిలో పోసింది. రేవంతా పని ఆపి చూసింది. డోర్కా నమిలింది, మింగింది, మళ్ళీ చెయ్యి చాచింది.