కోడలు యాడి

కేసముద్రం అవతలి తండాలో సీత్లా యాడికి రాళ్లు ఏడు. యాడి అంటే లంబాడీ మాటలో అమ్మ. ఏడుగురు అక్కచెల్లెళ్లకు వరుసగా ఏడు రాళ్లు పెట్టి, ఆషాఢంలో ఒక మంగళవారం గుగ్గిళ్లు పోసి పశువులను వాటి మీదుగా దాటిస్తే ఏ రోగమూ రాదని నమ్మకం. మరి చివరన ఎనిమిదో రాయి ఎలా వచ్చిందో లోకంలో ఒక్క జమ్లీకే తెలుసు. దాన్ని పెట్టింది ఆమే.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ కావాలని రైళ్లు ఆపిన రోజుల్లో, జమ్లీ కొత్త కోడలు. గుగ్గిళ్ల కుండ నెత్తిన పెట్టుకుని వచ్చింది. మొక్కు కుండను వట్టి నేల మీద దించకూడదు గదా! పక్కన కనిపించిన రాయి తెచ్చి వరుస చివర వేసి, దాని మీద దించింది. ఇంతలో వాన కుమ్మరించింది. కుండ ఎత్తుకుని అందరితో పాటు ఉరికింది, రాయి అక్కడే ఉండిపోయింది.

మరుసటేడు చూస్తే ఎవరో ఎనిమిదింటికీ ఎర్రమట్టి జాజు పూసేశారు. "ముందు గూడ ఎనిమిదేనా?" అని ఒకరంటే, "ఎనిమిదే, మా బాపు చెప్పిండు" అన్నాడు ఇంకొకడు. వాడి బాపు ఎన్నడూ చెప్పని మాట! ఎంత ధీమా! నిజం చెబితే అత్త గంగి బతకనిస్తుందా? జమ్లీ కూడా ఎనిమిదింటికీ గుగ్గిళ్లు పోసింది.

మొక్కునాడు పాడే సీత్లా పాటలో అక్కచెల్లెళ్లు ఏడుగురే. తోబుట్టువు కాకపోతే ఎనిమిదో ఆవిడ ఆ ఇంటి కోడలై ఉంటుందని ఆడవాళ్లు తేల్చారు. కోడలు యాడి అని పేరు పడింది. పెళ్లయి వచ్చిన ప్రతి పిల్లా అక్కడే గోడు వెళ్లబోసుకునేది. ఆ రాయి పక్కన కూర్చున్నదాన్ని అత్త తిట్టరాదు, మొగుడు చెయ్యి పట్టి లాగరాదు. ఈ కట్టుబాటు ఏ పంచాయతీలో పెట్టారంటే ఎవరూ చెప్పలేరు, తప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు. జమ్లీకి మొదట్లో నవ్వొచ్చేది. పోనుపోను అటు చూడాలంటేనే భయమయ్యేది.

ఎనభై మూడులో రెడ్యా అనేవాడి పెళ్లాం చత్రు, వాడి దెబ్బలు తాళలేక పొద్దున్నే వెళ్లి ఆ రాయి పక్కన కూర్చుంది. మధ్యాహ్నానికి తండా అంతా పోగైంది. రెడ్యా గడుసువాడు. కట్టుబాటును కాదనలేక రాయి మీద పడ్డాడు.

"పాటల ఏడుగురే ఉన్నరు. గిది ఏడికెల్లి వచ్చింది? దొంగ రాయైతే నా పెండ్లాన్ని నేను గుంజుకపోత" అన్నాడు.

తండా నాయక్ లచ్చిరాం జమ్లీ వైపు తిరిగాడు. "అక్కా, ఏటేటా కుండ మోసేది నువ్వే. సీత్లా మీద ఒట్టేసి చెప్పు. గిది పెద్దలు పెట్టిందేనా?"

అవునంటే చత్రు బతుకుతుంది. కానీ సీత్లా ఎదుట అబద్ధపు ఒట్టు వేస్తే? చంకలో చిన్నకూతురు నిద్రపోతోంది. అమ్మవారు పోసి పిల్లలు పోయిన ఇళ్లను జమ్లీ కళ్లారా చూసింది. చత్రు వాచిన కళ్లతో ఆమెనే చూస్తోంది.

"కాదు," అంది జమ్లీ. "నేనే పెట్టిన. కుండ దించనీకె."

రెడ్యా ముందుకు కదిలాడు. చత్రు లేవలేదు, రాయిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ముసలి గంగి కర్ర పొడుచుకుంటూ వచ్చి చత్రు పక్కన చతికిలబడింది. "నువ్వు పెట్టినవ్ సరే, నీతోని పెట్టిపిచ్చింది ఎవ్వలే?" అని కోడలిని కసిరింది. "కడమ ఏడు రాళ్లు నడిసొచ్చినయా? అవి గూడ ఎవ్వలో మోసినయే." ఒక్కొక్కరే కోడళ్లందరూ వచ్చి చుట్టూ కూర్చున్నారు.

రెడ్యా రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. చెయ్యి చాపాడు, అది ముందుకు రాలేదు. జమ్లీ వాడి కాళ్ల వైపు చూసింది. దొంగ రాయన్నవాడు చెప్పులు దూరంగా విడిచి వచ్చాడు.

"ఆ పిల్ల వస్తనంటెనే వస్తది. పో రెడ్యా" అన్నాడు లచ్చిరాం.

జమ్లీ రాయి వైపు తిరిగింది. తాను మోసుకొచ్చిన రాయి, తాను ఒట్టేసి కాదన్న రాయి, తండా మొత్తాన్ని నిలబెట్టేసింది. బిడ్డను గంగి ఒడిలో పెట్టి, ఆ రాయి ముందు సాగిలపడి, "చత్రుని సల్లగ చూడు, యాడీ" అని మొక్కింది.