ఇనుపరెక్క చివరి భాగంలో లేని కుక్క

నా మాట మీద అనుమానం ఉన్నవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. మధ్యలో నవ్వితే ఊరుకోను. మాయాబందర్ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా, తుఫానులో, చక్రం కాలితో తొక్కిపట్టి, చేత్తో బొమ్మల పుస్తకం పట్టుకుని చదువుతూ గవర్నమెంటు బోటు నడిపినవాణ్ణి నేను. కెరటాలు కొబ్బరిచెట్టంత లేచాయి. పుస్తకం మీద చుక్క పడలేదు. అలాంటి నన్ను మొన్న ఒక కుక్క ముంచేసింది. అదీ అసలు లేని కుక్క.

ఆ పుస్తకం పేరు 'ఇనుపరెక్క'. ఒంటి రెక్కతో ఎగిరే వీరుడికీ, వాడి శత్రువు బూడిదరాణికీ మధ్య కథ. నా కుర్రతనంలో నెలకోసారి మెయిన్‌లాండ్ ఓడలో వచ్చేది. ఇప్పుడు దాన్నే టీవీ సీరీస్ చేశారు. ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో మా డాలీగంజ్ పిల్లలకి పిచ్చెక్కిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యీ అవగానే, చర్చి మెట్ల మీదే తగువు మొదలు. "కామిక్‌లో రెక్క తుప్పు రంగు కదా, వీళ్ళేటి వెండి రంగు పూసేశారు?" అని ఆటో నడిపే బాబ్జీ. "బూడిదరాణికి చెల్లెలెక్కడిది భయ్యా, కథంతా మార్చి పాడు చేశారు" అని ఇంకొకడు. చివరికి తీర్పు చెప్పేది ఎవరు? నేనే. అసలు పుస్తకం చదివినవాణ్ణి ఈ దీవుల్లో నేనొక్కణ్ణే మిగిలాను మరి.

మా మనవరాలు షారోన్ స్కూలు టీచరు. ఈ సీరీస్ మీద ఫ్యాన్ పేజీ నడుపుతుంది. పాపం, మా నెట్ సంగతి మీకు తెలిసిందే. ఎపిసోడ్ మాకు తెరుచుకునేసరికి అవతల మెయిన్‌లాండ్ వాళ్ళు చూసి, ఏడ్చి, తిట్టుకుని, భోంచేసి పడుకుంటారు. తరవాత ఇది ఎంత బాగా రాసినా చదివే దిక్కుండదు. "తాతా, ఆఖరి భాగానికైనా అందరికంటే ముందు నా రివ్యూ పడాలి" అంది. అదే దాని పంతం.

ఆఖరి భాగం వచ్చిన ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో కాలు పెట్టే చోటు లేదు. ఫోనుకి టీవీ తగిలించారు. ఇనుపరెక్క బురుజు మీంచి పడిపోతున్నాడు. రెక్క విరిగింది. కింద సముద్రం. బూడిదరాణి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. తెర మధ్యలో గుండ్రం తిరగడం మొదలెట్టింది. బయట వాన. నెట్ గయా.

ఇంక చూడాలి వాళ్ళ అవస్థ. ఒకడు కూర్చుంటే ఒకడు లేస్తాడు. బాబ్జీ ఫోను కిటికీలోంచి బయటికి చాపి, మళ్ళీ లోపలికి లాగి, తుడిచి, మళ్ళీ చాపుతాడు. షారోన్ గోళ్ళు కొరుకుతోంది. నాకూ కాలు నిలవలేదు. అందరూ నావైపే చూస్తున్నారు. "తాతా, నీకు తెల్సు కదా, చెప్పీ" అన్నారు.

చెప్పాను. కుర్చీ ఎక్కి మరీ చెప్పాను. బెస్తవాళ్ళు వాణ్ణి వలతో పైకి లాగారన్నాను. ఆ విరిగిన రెక్క ఇనుముతోనే లైట్‌హౌస్‌కి దీపం గూడు చేయించారన్నాను. మెట్ల మీద ఒక ముసలి కుక్క రోజూ వాడి కోసం కాపలా కాస్తుందన్నాను. ఓ రాత్రి బూడిదరాణి దారి తప్పి ఆ వెలుగు పట్టుకుని వస్తే, కుక్క మొరగకుండా పక్కకి జరిగి దారి ఇచ్చిందన్నాను. బాబ్జీ వెక్కి వెక్కి ఏడ్చాడు. మా ఆవిడ ఎస్తేరు కూడా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

వాన తగ్గింది. నెట్ ఇలా వచ్చిందో లేదో, చూసి రాస్తే మళ్ళీ వెనకబడతానని, షారోన్ చూడకుండానే రాసిపడేసింది. 'మెట్ల మీద కుక్కని అచ్చం కామిక్‌లో ఉన్నట్టే చూపించారు, ఏడుపు ఆగలేదు' అని. అందరికంటే ముందు దానిదే.

పది నిమిషాల్లో మెయిన్‌లాండ్ అంతా దాని మీద పడింది. 'ఏ కుక్క?' 'లైట్‌హౌస్ ఎక్కడుంది మేడమ్, వాడు చచ్చిపోయాడు కదా?' 'అండమాన్‌కి వేరే ఎపిసోడ్ పంపించారా?' ఒకడైతే, కామిక్ ఆఖరి సంచిక ఫొటో పెట్టమన్నాడు.

"తాతా, ఆ సంచిక తీయ్."

నేను ట్రంకుపెట్టె తెరిచాను. మూశాను. కింద వెతికాను. మంచం కింద కూడా వెతికాను.

"ఆ నెల సముద్రం బాగాలేక ఓడ రాలేదమ్మా" అన్నాను.

"మతలబ్, అంటే నువ్వు చదవలేదా?"

"చదవలేదు గానీ, ఓడ వచ్చుంటే అదే వచ్చేది."

అంతే, నాతో మాట మానేసింది. టీ అడిగితే వాళ్ళ నానమ్మతో పంపించేది. నేను వరండాలోంచి గేటు దాకా, గేటు నుంచి వరండా దాకా. ఏ తుఫానులోనూ డెక్కు మీద అంత తిరగలేదు. పేజీలో మాత్రం జరిగింది జరిగినట్టు రాసి, తప్పు తనదేనంది. తాత చెప్పిన కథ అంది గానీ, నన్ను ఒక్క మాట అనలేదు. అది నన్ను ఇంకా కుదురుగా కూర్చోనివ్వలేదు.

అయితే ఆ సీరీస్ ముగింపు ఎవడికీ నచ్చలేదట. 'మీ తాతగారి కుక్క కథే పూర్తిగా చెప్పించండి' అని జనం వెంటపడ్డారు. శనివారం సాయంత్రం మళ్ళీ హాలు నిండింది. షారోన్ ఫోను నావైపు పట్టుకుని, మొహం మాత్రం అటు తిప్పి, "నానమ్మా, చెప్పమను" అంది.

ఇంతమంది ముందు పాత సరుకే చెప్తామా? బెస్తవాళ్ళని తీసేసి తిమింగలాన్ని దింపాను. కుక్క స్థానంలో మాట్లాడే చిలకని పెట్టాను.

"ఏటి తాతా ఇది," బాబ్జీ లేచాడు. "ఒరిజినల్‌లో చిలక లేదు. కథ మార్చి పాడు చేస్తున్నావు."

హాలంతా వాడికే వంత. నా కథ నాకే రాదని తేల్చేశారు. నేను నోరు తెరిచేలోపు ఫోను దింపి, సూటిగా నా మొహంలోకి చూసి ఒక మనిషి అంది: "కుక్క, తాతా. మెట్ల మీద ముసలి కుక్క. మొదట్నుంచి సరిగ్గా చెప్పు."

నమ్మనివాళ్ళు డాలీగంజ్ వచ్చి ఆ మనిషినే అడగండి. పేరు షారోన్.