ఇల్లు అన్నకు, అమ్మ నాకు

మా అన్న మాటెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాడు చెడ్డవాడు కాదని అమ్మ అంటుంది. నిజమే. బర్గూరు క్వారీలో సూపర్వైజరు, తాగడు, ఎవరినీ తిట్టడు. అందరూ మంచివాడనే మనిషి మీద కోపం వస్తే ఎవరితో చెప్పుకోవాలి?

నేను హోసూరులో ఫ్యాక్టరీ పనికి పోతూ, వరసగా కట్టిన అద్దె గదుల్లో ఒకదానిలో ఉంటాను. మిగతా గదుల నిండా మేఘాలయ నుంచి పనికొచ్చిన ఖాసీ ఆడపిల్లలే. వాళ్ళలో పిల్లలకు తల్లి ఇంటిపేరే వస్తుంది. ఇల్లు కడగొట్టు కూతురికి. పెళ్ళయితే మొగుడే వచ్చి ఆ ఇంట్లో ఉంటాడు. అన్నదమ్ములు పెద్దరికం చేస్తారు, అక్కచెల్లెళ్ళ ఇంటి మంచిచెడ్డలు చూస్తారు. మొదట్లో ఇదంతా విని నవ్వాను. "అయితే మగోళ్ళకేం మిగులుతుందే?" అని పక్కగది పిల్లను అడిగాను.

"మీ ఊర్లో ఆడోళ్ళకేం మిగులుతుంది అక్కా?" అంది. ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే.

ఆ పిల్లా నాలాగే ఇంట్లో కడగొట్టుది. మా అమ్మకు నడుము పట్టేసినప్పుడు, మత్తూరు పక్కనున్న మా ఊరి నుంచి అన్న ఆమెను తెచ్చి నా గదిలో దింపిపోయాడు. వదినకు చేతకాదట. నేను షిఫ్టుకు పోయిన పూట ఆ పిల్లే అమ్మకు గంజి తాగించేది. వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్న పచ్చి వక్క, ఆకూ పెట్టేది. వచ్చీరాని తెలుగు అమ్మ దగ్గరే బాగు చేసుకుంది. నేను చిన్నకూతుర్ని, అమ్మను చూసుకునేది నేను, కాబట్టి ఊళ్ళో ఇల్లు నాదేనని ఆ పిల్ల అనుకుంది. నేను కాదనలేదు. ఒక్క మనిషైనా అలా అనుకోవడం నాకు బాగుండింది.

పోయిన మామిడికాయల కాలంలో అన్న కారు మాట్లాడుకొని వచ్చాడు. ఇల్లు అమ్మ పేరు మీద ఉంది.

"నా పేరుకు రిజిస్టర్ చేసేస్తే పని అయిపోతుంది. సాయంకాలానికి తెచ్చి దింపేస్తాను" అన్నాడు.

"యాడ దింపుతావన్నా?"

"ఈడనే. ఇంకెక్కడ?"

నేను నోరు తెరిచేలోపే పక్కగది పిల్ల వచ్చేసింది. పెద్దరికం చేసే అన్న వచ్చాడని, వాళ్ళ మర్యాద ప్రకారం పళ్ళెంలో వక్కాకు పెట్టి వాడి ముందుంచింది.

"అక్క ఇల్లు అక్కకు రాసిచ్చేదానికి వచ్చినావా అప్పా? మంచి అన్నవి. కప్పు కారుతుందంట, అమ్మ చెప్పింది. అది కూడా రిపేరు చేసి ఇయ్యి."

అన్న ముఖం కందగడ్డ అయింది. "ఎవరే ఇది? అడ్డమైనోళ్ళకంతా మనింటి సంగతులు చెప్పి పెట్టినావా?" అని నా మీద పడ్డాడు.

"అదేం తప్పు మాట్లాడిందన్నా?" అని నేనూ అరిచాను. "ఆ ఇంట్లో పేడ ఎత్తింది నేను. మొగుడు చచ్చి నేను పుట్టింటికి తిరిగొస్తే, పండక్కి మాత్రం వచ్చి పో అన్నది నువ్వు. ఇప్పుడు అమ్మను చూసేది నేను. ఇల్లు మాత్రం నీకా?"

గదుల వాళ్ళంతా తలుపుల్లోకి వచ్చారు. రానీ అనుకున్నాను.

అమ్మ గోడ పట్టుకొని లేచి చెప్పులు వెతుక్కుంది. "ఇల్లు మగబిడ్డకే కదమ్మా. లోకం అట్లే ఉంది" అంది. కారెక్కింది.

సాయంకాలం అన్న మాట తప్పలేదు. అమ్మను గేటు దగ్గర దింపి, తను కారు దిగకుండానే వెళ్ళిపోయాడు. అమ్మ ముందు అన్నం కంచం పెట్టి, అటు తిరిగి కూర్చున్నాను. అమ్మ తిని చెయ్యి కడుక్కున్నాక, పక్కగది పిల్ల భయం భయంగా వచ్చి వక్క చేతికిచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలని అమ్మ అడిగింది:

"మీ అమ్మ ముసిలిదైతే ఎవరు చూస్తారే?"

"నేనే అమ్మా. ఈడ పని విడిచి పోవాల. ఇష్టం లేకున్నా పోవాల. ఇల్లు నాకే కదా ఇచ్చేది."

అమ్మ వక్క నోట్లో వేసుకోబోయి ఆగింది. నా వైపు చూసింది. "దీనికి నేనేమిచ్చినాను?" అని గొణిగింది.

కంచం తీసుకొని బయట కుళాయి దగ్గరికి పోయాను. ఆ మాట నాకు వినబడింది. ఓదార్చాలనిపించలేదు.