ఈరప్ప గారికి పల్లీలు

బీదర్ నుంచి మన్నాఏఖేళ్ళి పోయే బస్సులో ఈరప్ప "ముందుకు జరుగున్రి" అన్నాడంటే, వెనక సీట్లో నిద్రపోతున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి జరుగుతారు. ఇరవై రెండేళ్ళుగా టికెట్లు కొడుతున్న కండక్టరు గొంతు అది. టికెట్ లేనివాణ్ణి, సీటు కోసం కొట్లాడేవాణ్ణి ఒక్క కేకతో దించేస్తాడు. ఆ గొంతు ఒక్కచోటే పనిచేయదు: అన్నం పళ్ళెం ముందు. గంటె పట్టుకుని ఎవరైనా వంగితే చాలు, "వద్దు" అనే చిన్న మాట ఆయన మెడ దాటి పైకి రాదు.

మామూలు మొహమాటమే అయితే పొట్ట పెరిగి ఊరుకునేది. కానీ ఈరప్పకు పల్లీలు పడవు. పడకపోవడమంటే కడుపులో కాస్త గడబిడ కాదు. మొన్న చలికాలం ఒక గృహప్రవేశంలో పల్లి చట్నీ నాలుక్కి తగిలిందో లేదో పెదవులు ఉబ్బి, ఊపిరి ఆడక నీలం తిరిగాడు. భార్య హన్మమ్మ ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. డాక్టరమ్మ తొడలో సూది పొడిచి బతికించి, ఆ తర్వాత బుద్ధి చెప్పింది.

"ఒక కడియం చేయించుకో. పల్లీలు పడవని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయించు. నీకు మాట రానప్పుడు అది మాట్లాడుతుంది."

ఆమె ఉద్దేశం, స్పృహ తప్పినప్పుడని. ఈరప్పకు అర్థమైంది, మొహమాటపడ్డప్పుడని.

అప్పటికి కూతురు పింకి పెళ్ళయి నెల. రానున్న ఆదివారం సంతపూర్‌లో వియ్యాలవారింట్లో మొదటి భోజనం. వియ్యపురాలు గుండమ్మ గుత్తొంకాయకు ఆ చుట్టుపక్కల పేరుంది. నూరిన పల్లీలు లేనిదే ఆమె చేతిలో వంకాయ ఉడకదు.

"ఫోన్ల ఒక్క మాట చెప్తే అయిపోతది గద," అంది హన్మమ్మ.

"కొత్త సుట్టాలతోని మొదటి మాటే అది వద్దు, ఇది వద్దు అంటనా?"

"నేను చెప్త తియ్యి."

"నువ్వు చెప్తే నా ఇజ్జత్ పోతది."

పింకి చేత కూడా చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. అన్నీ కడియమే చూసుకుంటుందట.

చిద్రిలో గిన్నెలమీద పేర్లు చెక్కే సిద్ధు దగ్గరికి స్టీలు కడియం పట్టుకుపోయాడు. "ఇంగ్లీషు వద్దు సిద్ధూ, మా వియ్యపురాలు చెల్లెకు రాదు. తెలుగే రాయి, కన్నడ అక్షరాలల్ల," అన్నాడు. ఇంట్లో తెలుగు మాట్లాడి కన్నడ బడిలో చదివినవాళ్ళు అక్కడ ఉత్తరాలు కూడా అలాగే రాసుకుంటారు.

"ఏం రాయాలె అన్నా?"

"ఈరప్పకు పల్లీలు పడవు."

"ఉత్తగ ఈరప్ప అంటే ఏం బాగుంటది? గారు పెడత."

సిద్ధు జన్మంతా పెళ్ళి గిన్నెల మీద "ఫలానా గారికి ఫలానావారి కానుక" అని చెక్కినవాడు. చెయ్యి ఊరుకోలేదు. ముందొక పువ్వు చెక్కాడు. గారు పెట్టాడు. మర్యాద అంతా పైకి వచ్చేసరికి "ఈరప్ప గారికి పల్లీలు" దాకా నిండిపోయింది. మిగిలిన "పడవు" చుట్టూ తిరిగి మణికట్టు కిందికి పోయింది.

"కింద ఉంది గదన్నా, చెయ్యి తిప్పితే కనబడ్తది," అన్నాడు సిద్ధు. పువ్వు చూసి మురిసిపోయిన ఈరప్ప ఆ మాట సగమే విన్నాడు.

ఆదివారం వచ్చింది. గుండమ్మ గంటెతో వంగింది. ఈరప్ప గొంతు ఎప్పటిలాగే సెలవు పెట్టింది. ఎడమచెయ్యి బోర్లా చాపి, కడియాన్ని ఆమె ముక్కు ముందు పెట్టి నవ్వాడు. ఆమె కూడబలుక్కుని చదివింది.

"ఈరప్ప గారికి... పల్లీలు! అయ్యో అన్నా, ఇంత ఇష్టమా? నోరు దెరిచి అడగరాదా? కడెం మీద రాయించుకోవాల్నా!"

రెండు వంకాయలు ఎక్కువే వేసింది. అంతటితో ఆగక లోపలికి పోయి పల్లిపొడి డబ్బా తెచ్చి గుప్పెడు పైన చల్లింది. ఈరప్ప అప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు. నవ్వుతూనే అన్నం కలిపాడు. హన్మమ్మ కాలు తొక్కింది. పింకి గుమ్మంలో నిలబడి, ఒట్టు తీసి గట్టుమీద పెడదామని నోరు తెరిచింది. ఆ పిల్ల మొహం ఈరప్ప చూశాడు. ముద్ద నోటికి బెత్తెడు దూరంలో ఉంది.

"హోల్డాన్!"

బస్సును ఆపినట్టు తన చేతిని తనే ఆపుకున్నాడు. గుండమ్మ చేతిలో డబ్బా కింద పడింది. వీధిలో పోతున్న మోటారుసైకిల్ కూడా ఆగిందని పింకి ఇప్పటికీ చెబుతుంది.

ఈరప్ప చెయ్యి తిప్పి చూపించాడు. గుండమ్మ మిగతాది చదివింది. మొహం ముడుచుకుంది. "పడవా? అంటే మా ఇంటి తిండి నీకు పడదనా?"

"తిండి కాదు చెల్లె, పల్లీలు. తింటే గొంతు మూస్కపోతది. మొన్న సచ్చి బతికిన."

గుండమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "సచ్చేటోడివి నవ్వుకుంట కలుపుతున్నవా? నీ ఇజ్జత్ సరే, మా ఇంట్ల పళ్ళెం ముంగట సస్తే మా ఇజ్జత్ ఏం గావాలె?"

గుండమ్మ పళ్ళెం తీసేసింది, సబ్బుతో చేతులు కడిగించింది, కడిగిన గిన్నెలో వేరే గంటెతో పప్పు వండి పెట్టింది. తిట్లు మాత్రం పాతవే, వేడివేడిగా వడ్డించింది.

ఇప్పుడు ఈరప్ప చేతికి కొత్త కడియం ఉంది. ఇంగ్లీషు, పెద్ద అక్షరాలు, పువ్వు లేదు, గారు లేదు. పాతదాన్ని గుండమ్మ అడిగి తీసుకుని, పల్లీలు తగలని ఆ గంటె కాడకు తొడిగి గోడకు తగిలించింది. ఎవరైనా దాన్ని ఇంకో కూరలో పెట్టబోతే, "ఏయ్, అది ఈరప్ప గారికి!" అని అరుస్తుంది.

ఇక ఈరప్ప అంటారా, ఏ విందులో గంటె దగ్గరికొచ్చినా "హోల్డాన్" అంటున్నాడు. "వద్దు" అనడం ఇంకా రాలేదు.