ఫోనక్క బల్ల మీద కొత్త లాగిన్ తెర

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గది మెట్ల కింద ఉంటుంది. ఒక బల్ల, రెండు ఫోన్లు, ఒక పాత కంప్యూటర్, గోడకు ఆనించిన చేతికర్ర. అక్కడ కూర్చునే ఆమెను అందరూ ఫోనక్క అంటారు. చిన్నతనంలో వచ్చిన జ్వరం ఆమె చూపు పట్టుకుపోయింది. కుళాయి రావడం లేదని తిట్టడానికి ఫోన్ చేసినవాళ్ళు కూడా ఆమెతో మాట్లాడాక కాస్త మెత్తబడతారు. ఎదురు తిట్టదు, అలాగని పడి ఉండదు. "తిట్టడం అయ్యాక వీధి పేరు చెప్పండి, రాసుకుంటాను" అంటుంది.

ఆఫీసులోని కంప్యూటర్లన్నీ విండోస్ మీద కాదు, ఉచితంగా దొరికే లైనక్స్ మీద నడుస్తాయి. వాటిని చూసుకునేది నేను. నాకీ పని ఎవరూ నేర్పలేదు. పాడైనవి విప్పుతూ, బిగిస్తూ పట్టుకున్నాను.

ఫోనక్క పొద్దున్నే రాగానే సంచీ కొక్కేనికి తగిలించి, కంప్యూటర్ బటన్ నొక్కి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది. లాగిన్ తెర రాగానే చెవిలో చిన్న గంట మోగుతుంది. వెంటనే పేరు, పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కుతుంది. ఆ తర్వాత తెర మీద ఉన్నదంతా ఒక గొంతు ఆమెకు చదివి వినిపిస్తుంది. ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఆ పాత లాగిన్ తెర బూజు పట్టినట్టుందని సూపర్‌వైజర్ గారు అన్నారు. దాన్ని మార్చే పని మా బావమరిదికి పడింది. వాడు పై అంతస్తులో ప్రోగ్రాములు రాస్తాడు. కష్టపడే చేసుకొచ్చాడు. ముందు తెరనిండా జలపాతం, మధ్యలో గడియారం. ఏ మీట నొక్కినా జలపాతం పైకి లేచిపోయి, కింద గుండ్రటి ముఖాల వరస కనిపిస్తుంది. మన ముఖం మీద మౌసుతో నొక్కితే అప్పుడు పాస్‌వర్డ్ గడి వస్తుంది. ఒక కంప్యూటర్ మీద పెట్టి చూసి, తర్వాత అన్నిటికీ ఎక్కిద్దామనుకున్నాం. ఫోనక్కది అన్నిటికన్నా ముసలి కంప్యూటర్. దాని మీద నడిస్తే దేని మీదైనా నడుస్తుందని దాని మీదే పెట్టాం. ఆ ముసలి పెట్టె ముందు కూర్చునేది ఎవరన్నది ఇద్దరికీ తట్టలేదు.

మర్నాడు ఆమెకు గంట వినబడలేదు. అలవాటుకొద్దీ పేరు, పాస్‌వర్డ్ కొట్టింది. మొదటి అక్షరం జలపాతాన్ని ఎత్తడానికి ఖర్చయింది, మిగతావి గాలిలో కలిసిపోయాయి. ఈలోగా పెద్ద గొట్టమొకటి పగిలి రెండు ఫోన్లూ మోగడం మొదలుపెట్టాయి. ఫోన్ చేసినవాళ్ళు చెప్పిన వీధులన్నీ నోట్లోనే వల్లె వేసుకుంటూ నన్ను పిలిపించింది.

"తమ్ముడూ, నా పెట్టెకు నోరు పడిపోయింది. చూడు."

నేను వెళ్ళి తెర మీద ఆమె బొమ్మను నొక్కాను, ఆమె పాస్‌వర్డ్ కొట్టింది, తెరుచుకుంది. కానీ ఆమె మంచినీళ్ళకు లేచి వచ్చేసరికి మళ్ళీ జలపాతం. మళ్ళీ నేను. మధ్యాహ్నానికి మెట్లు దిగీ ఎక్కీ నాకు మోకాళ్ళు పట్టేశాయి. ఆమె నాతో మాట్లాడటం మానేసి, నేను వచ్చినట్టు తెలియగానే కుర్చీ పక్కకు జరుపుతోంది. తిట్టినా బాగుండేది.

ఈ గొడవ సూపర్‌వైజర్ గారి దాకా వెళ్ళింది. ఆయన దగ్గర మందు సిద్ధంగా ఉంది. రోజూ గేటు దగ్గరి కాపలా అన్న వచ్చి తెరిచిపెడతాడు, పాస్‌వర్డ్ అతనికి చెప్పమన్నారు. అది ఇష్టం లేకపోతే ముందుగదిలో వచ్చినవాళ్ళను పలకరించే కుర్చీ ఖాళీగా ఉంది, అక్కడ కంప్యూటర్ గోలే ఉండదన్నారు. రేపటిలోగా ఏదో ఒకటి తేల్చుకోమన్నారు.

ఫోనక్క గొంతు పెంచలేదు. "ఇంకొకరు తలుపు తీస్తేగానీ కూర్చోలేని కుర్చీ నాకొద్దు సార్. పలకరింపుల కుర్చీ అంతకన్నా వద్దు."

నేను పైకెళ్ళి బావమరిది మీద పడ్డాను. పాత తెర తిరిగి పెట్టేద్దామంటే వాడికి పౌరుషం వచ్చింది.

"నీకు కొత్తదేదీ గిట్టదు బావా. నీ చొక్కా చూస్తేనే తెలుస్తోంది."

"చొక్కా కొన్నది మీ అక్క. ఆ మాట ఇంటికొచ్చి ఆవిడతో చెప్పు."

వాడు కుర్చీలోంచి లేచాడు. కిందికి దిగి, మానిటర్ ఆపేసి వంతులవారీగా ప్రయత్నించాం. ఇద్దరిలో ఎవరికీ తెరుచుకోలేదు. గంట ఏమైందని వాడే అడిగాడు. పాతకాలపు మోతలా ఉందని తీసేసింది వాడేనని గుర్తుచేశాను. వాడు కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. జలపాతం పోయింది. ముఖాల వరస పోయి పేరు గడి వచ్చింది. గంట తిరిగొచ్చింది. గొంతు లాగిన్ దగ్గర నుంచే చదివేలా చేశాడు. సాయంత్రం ఆఫీసు వదిలే ముందు ఫోనక్కను కూర్చోబెట్టాం. సూపర్‌వైజర్ గారు కూడా వచ్చి వెనక నిలబడ్డారు.

గంట మోగింది, హెడ్‌ఫోన్లలో కాదు, స్పీకర్లో. ఆమె పేరు కొట్టింది, గొంతు చదివింది. పాస్‌వర్డ్ మొదలుపెట్టింది, గొంతు దాన్నీ చదివింది. మావాడు సొంతంగా తయారుచేసిన గడి అది. అందులో కొట్టేది రహస్యమని గొంతుకు చెప్పడం మరిచాడు. ఆమె వేళ్ళు ఆగేలోపే ఒక్కో అక్షరం గదంతా వినబడేలా పలికి, ఎంటర్ నొక్కగానే ముక్కలన్నీ కలిపి ఇంకా స్పష్టంగా చెప్పింది. "తుప్పుగొట్టం."

ఆఫీసులో ఆ మాట ఎవరినంటారో మా అందరికీ తెలుసు. ఆ పేరు సంగతి సూపర్‌వైజర్ గారికి తెలుసో లేదో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మంలో కాపలా అన్నకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

ఫోనక్క తల తిప్పకుండా అడిగింది. "తమ్ముడూ, వెనక ఎవరైనా ఉన్నారా?"

నేను చెప్పేలోపే సూపర్‌వైజర్ గారు చరచరా మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆ కుర్చీ ఇక ఆమెకు దక్కదనుకున్నాను. మావాడి మీద, నా మీద, ఆ పెట్టె మీద ఒకేసారి ఒళ్ళు మండింది. ఆమె మాత్రం ముందు ఆ నోరు కట్టమంది. ఇద్దరం కదలకుండా కూర్చుని కట్టాం. పాస్‌వర్డ్ గడిలో ఏం కొట్టినా ఇక "చుక్క, చుక్క" అని మాత్రమే అంటుంది, అదీ హెడ్‌ఫోన్లలోనే. తుప్పుగొట్టాన్ని పీకేసి పాస్‌వర్డ్ కూడా అప్పుడే మార్చుకుంది.

మర్నాడు పొద్దున సూపర్‌వైజర్ గారు కాపలా అన్నను వెంటబెట్టుకుని దిగొచ్చేసరికి ఆమె లాగిన్ అయిపోయి నిన్నటి వీధులన్నీ ఎక్కిస్తోంది.

"ఎవరు తెరిచారు?" అని ఆయన నన్నడిగారు.

"నేనే సార్" అంది ఫోనక్క.

"పాస్‌వర్డ్ మార్చారా?"

"మార్చాను సార్."

ఆయన ఇంకేదో అడగబోయి ఆగారు. కాపలా అన్నను గేటు దగ్గరికి పొమ్మన్నారు. ఫోన్ మోగింది, ఫోనక్క ఎత్తింది.